జామాయిల్ తోటలో 'ట్రఫుల్': దర్శి కేసు

జులై మూడో వారంలో ఒకరోజు పొద్దున ఆరింటికి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అరచేతిలో నిమ్మకాయంత గడ్డ. పసుపు కలిసిన గోధుమరంగు తోలు, దాని మీద సన్నటి పగుళ్లు, అడుగున పీచులాంటి తోక. వెనకే ఒక వాయిస్ మెసేజ్: "సార్, మా జామాయిల్ మోళ్ల కింద ట్రఫుల్ పడింది. మొన్న వానకి పైకొచ్చినయ్, పదిహేను దాకా ఉండయ్. వీటిని యాడ అమ్మాల?"

నేను ఒంగోలులో చిన్న ల్యాబ్ పెట్టుకుని పుట్టగొడుగుల స్పాన్ తయారుచేస్తాను. స్పాన్ అంటే విత్తనం అనుకోండి, ఉడికించిన జొన్నల మీద పెంచిన తెల్ల బూజు. కొన్నవాళ్ల షెడ్లకు వెళ్లి చూసి రావడం కూడా నా పనే. ట్రఫుల్ అంటే ఫ్రాన్స్ లాంటి చోట్ల మట్టిలో, చెట్టువేళ్ల దగ్గర పడే ఖరీదైన పుట్టగొడుగు గడ్డ. దాని గురించి నెలకు ఒకటో రెండో ఫోన్లు వస్తూనే ఉంటాయి, యూట్యూబ్ పుణ్యమా అని. మామూలుగా రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ఇది తేలలేదు. రెండో వాయిస్ మెసేజ్‌లో ఆయన అసలు సంగతి చెప్పాడు: ట్రఫుల్ మొక్కలకు సగం డబ్బు కట్టేశాడు, మొక్కలు ఇంటికి వచ్చేశాయి, నాలుగెకరాల మోళ్లు పీకించడానికి జేసీబీ మాట్లాడుకున్నాడు. భూసార పరీక్ష కాగితం చూసి "మీ నేల అచ్చం ఫ్రాన్స్ నేలే" అని అమ్మినవాళ్లు చెప్పారట.

"ఆ గడ్డలు ఎవరూ తినొద్దు. ఎల్లుండి వస్తున్నా" అని జవాబు పెట్టాను.

ఊరు దర్శికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల. ఏడెకరాల కమతం. సాగర్ కుడికాలువ నీళ్లు అందే రెండున్నర ఎకరాల్లో వరి వేస్తాడు, మిగతాది మెట్ట. మెట్టలో నాలుగెకరాల జామాయిల్ రెండు కోతలు అయిపోయి, మోళ్లు మళ్లీ చిగుళ్లు వేస్తున్నాయి. కర్ర రేటు నమ్ముకునే రోజులు పోయాయని ఆయన బాధ. అది నిజమే, కాదనను. వయసు అరవైకి దగ్గర. మాటల్లో పడ్డాక నేను బాబాయ్ అన్నాను, ఆయన మాత్రం చివరిదాకా సార్ అనే అన్నాడు.

గడ్డల్ని చాటలో పోసి అరుగు మీద పెట్టారు. కొయ్యడానికి ఏమన్నా ఇవ్వమంటే పిన్ని లోపలినుంచే, "కత్తిపీట మీద మాత్రం వద్దు నాయనా, దాని మీద మళ్లీ కూర తరగాల" అంది. ఆ ఇంట్లో వాటిని మొదటినుంచీ నమ్మని మనిషి ఆవిడ ఒక్కతే. అల్లుడు కువైట్ నుంచి వీడియో కాల్‌లో వండమని చెప్పినా వండలేదట. నా సంచిలో ఉన్న చాకుతో ఒకదాన్ని నిలువుగా కోశాను. చుట్టూ మందపాటి తెల్లటి తోలు, లోపలంతా ఊదా కలిసిన నలుపు. పాత రబ్బరు వాసన. ఇంకోటి బాగా ముదిరింది, వేలితో నొక్కగానే పగిలి నశ్యంలాంటి పొడి ఎగిరింది. బాబాయ్ తుమ్మాడు.

ఇది స్క్లెరోడెర్మా. ఒక రకం మట్టి బంతి, జామాయిల్ వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే బూజుకు వచ్చే కాయ. చూపుకు ట్రఫుల్‌లా ఉంటుంది, ప్రపంచమంతటా జనం దీన్ని చూసే మోసపోతారు. తింటే వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒళ్లంతా చెమటలు. అసలు ట్రఫుల్‌ను కోస్తే పొడి రాలదు, గట్టిగా ఉంటుంది. అది ఎట్టా ఉంటుందని ఆయన అడిగితే పిన్నిని వక్క ఒకటి తెమ్మన్నాను. అడ్డంగా కోసి చూపించాను. ఆ గోధుమరంగు మీద మెలికలు తిరిగిన తెల్ల చారలు ఉన్నాయే, నల్ల ట్రఫుల్ లోపల దాదాపు అదే వరస. వక్కపలుకు తెలిసినవాళ్లెవరూ స్క్లెరోడెర్మాను ట్రఫుల్ అనుకోరు. కాకపోతే కోసి చూడాలి.

"అయితే మా అల్లుడు తిన్నదేంది? అది గూడా మట్టిలో గడ్డే గదా, కిలో వేలల్లో అమ్ముతారంట."

అల్లుడు అబద్ధం చెప్పలేదు. కువైట్‌లో ఫగా అంటారు, ఎడారి ట్రఫుల్. టెర్ఫీజియా, టిర్మానియా జాతులు. ఫ్రాన్స్ ట్రఫుల్ పడేది ఓక్ చెట్ల వేళ్ల దగ్గర. ఆ ఓక్‌తో వీటికి పని లేదు, హీలియాంథమమ్ అనే చిన్న గుబురు మొక్కల వేళ్ల దగ్గర పెరుగుతాయి. శరత్కాలం వానలు సమయానికి పడితే చలికాలం చివర్లో ఇసుక నేల చిన్నగా ఉబ్బి పగులుతుంది, ఆ పగులు చూసి చేత్తోనే తీస్తారు. ఉరుములు ఉరిమితేనే ఫగా పడుతుందని అరబ్బుల నమ్మకం, ఉరుము కూతుళ్లు అని పేరు కూడా ఉంది. ఈ మాట చెప్పగానే పిన్ని గడప దాటి బయటికి వచ్చింది. "మన పుట్టగొడుగులూ అంతే గదా, ఉరిమితేనే లేస్తయ్."

ఆ మాటతో నా పని సగం అయిపోయింది. చెదల పుట్ట మీద లేచే పుట్టగొడుగును మనం తింటాం గానీ ఎవరూ పెంచలేకపోయారు. దాన్ని పెంచేది చెదపురుగులు. అవి ఆకూ పుల్లా తెచ్చి పుట్టలోపల బూజు తోట వేసుకుంటాయి. పుట్టలో చెద లేకపోతే గొడుగు లేదు. ట్రఫుల్ కథా అదే, చెద బదులు చెట్టువేరు. బూజు వేరుకు నీళ్లూ భాస్వరమూ అందిస్తుంది, వేరు దానికి చక్కెర పెడుతుంది. ఈ వియ్యం కుదరకపోతే మట్టిలో ట్రఫుల్ పొడి బస్తాలకొద్దీ చల్లినా లాభం లేదు. బాబాయ్ తల ఊపాడు. "సరే, నా మొక్కలకి ఆ వియ్యం చేసే పంపారంట. రండి చూద్దురు."

దొడ్లో కొబ్బరి చెట్టు నీడన వరసగా నూరు కవర్లు. ఒక్కో మొక్క 450 రూపాయలు, అడ్వాన్స్ 22,500. వంద గజాల దూరం నుంచే నాకు అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్లి ఒక ఆకు తిప్పి చూశాను. చీలికలు చీలికలుగా ఫెర్న్ ఆకులాగా ఉంది, అడుగు వెండి పూత పూసినట్టు తెల్లగా మెరుస్తోంది.

సిల్వర్ ఓక్. మన్యంలో కాఫీ తోటల నీడకూ మిరియాల పాదుకూ వేసే చెట్టు. ఏ నర్సరీలో అడిగినా దొరుకుతుంది. పేరులో ఓక్ ఉందిగానీ కులంలో లేదు. ఇది గ్రెవిల్లియా, ఓక్ అంటే క్వెర్కస్, రెండింటికీ చుట్టరికం లేదు. ట్రఫుల్ బూజు దీని వేళ్లను ముట్టుకోదు. అమ్మినవాళ్లకు ఈ తేడా తెలియదా, తెలిసే అమ్మారా అన్నది నేను తేల్చలేను. ఫోన్ చేస్తే మొదటి రెండుసార్లు ఎత్తారు, మూడోసారి నుంచి స్విచాఫ్.

ఆకు చూశాక వేళ్లు చూడనక్కర్లేదు గానీ ఆయన ముందు చూపించడం అవసరమనిపించింది. ఒక కవరు కోసి, మట్టిముద్దను బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి, వేళ్లు మెల్లగా విడదీసి తెల్ల పళ్లెంలో పరిచాను. ట్రఫుల్ పట్టిన ఓక్ మొక్కకైతే సన్నవేళ్ల కొసలు పొట్టిగా, ఉబ్బెత్తుగా, అగ్గిపుల్ల తలల్లా ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు, తేనెరంగు తొడుగు వేసుకున్నట్టు కనిపిస్తుంది. కొస మీద నూగు ఉండదు, ఎందుకంటే నూగు చేసే పని బూజు చేస్తుంది. మా పళ్లెంలో ఉన్నవి మామూలు పీచువేళ్లు. బాబాయ్ భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అగ్గిపుల్లలు లేవు" అన్నాడు చివరికి.

యూరప్ నుంచి నిజమైన మొక్కలే తెప్పించామని ఎవరైనా అంటే అడగాల్సినవి రెండు కాగితాలు. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం తీసుకున్న దిగుమతి పర్మిట్, మొక్కకు తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్. బతికున్న మొక్క మట్టీ బూజుతో సహా దేశంలోకి రావడమంటే చిన్న సంగతి కాదు. కాగితాలు లేకపోతే మాట అక్కడితో ఆపేయొచ్చు.

ఇక మట్టి. ఈ కేసులో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇదే, ఎందుకంటే అమ్మినవాళ్లు చెప్పిన మొత్తం మాటల్లో నిజమైనది ఇదొక్కటే. రిపోర్టులో పీహెచ్, అంటే నేల పులుపో క్షారమో చెప్పే అంకె, 8.2. నల్ల ట్రఫుల్ అడిగేది సున్నపు నేల, పీహెచ్ 7.5 పైన, 8 చుట్టుపక్కల ఉంటే మేలు. మెట్ట పొలంలో మోకాలి లోతు గొయ్యి తవ్వించాను. పైన జానెడు మన్ను, కింద బూడిదరంగు నేలలో శనగగింజంత, ఉసిరికాయంత సున్నపు గులకరాళ్లు. ఒక గులకరాయి మీద నాలుగు చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే బుస్సుమని నురగ కట్టింది. అది సున్నమే, చవుడు కాదు. ఉప్పు చవుడైతే ఈసీ, అంటే నేలలో ఉప్పుల కొలత, ఎక్కువ చూపిస్తుంది. ఈయన రిపోర్టులో ఈసీ మామూలుగానే ఉంది. నిమ్మకాయ పిండినా కొంచెం నురగ వస్తుంది, యాసిడ్ సీసా లేనివాళ్లు అలా చూసుకోవచ్చు.

కాబట్టి అంకె సరిపోయింది. మరి పంట ఎందుకు రాదు? బాబాయ్ ఇదే అడిగాడు, అడగాల్సిందే.

ట్రఫుల్ సాగు చరిత్ర తిరగేస్తే సంగతి తెలుస్తుంది. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ ప్రాంతంలో జోసెఫ్ టాలోన్ అనే రైతు, ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల కింద గింజలు ఏరి తన రాతి నేలలో నాటాడు. కొన్నేళ్లకు వాటి కిందా ట్రఫుల్ పడింది. ఆ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు ద్రాక్షతోటల్ని ఊడ్చేస్తే, దిక్కుతోచని రైతులు ఆ సున్నపు నేలల్లోనే ఓక్ వేశారు. మన వైపు పొగాకు పోతే జామాయిల్, అది పోతే ఇంకోటి, ఆ లెక్కనే. 1970ల్లో అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇన్రా నర్సరీలోనే ఓక్, హేజెల్ మొక్కల వేళ్లకు బూజు పట్టించే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు స్పెయిన్‌లో తెరుయెల్ ప్రాంతం ఆ మొక్కలతోనే బతుకుతోంది. 1999లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో మొదటి ట్రఫుల్ తవ్వారు. ఈ చోట్లన్నింటికీ మనకు లేనిది ఒకటుంది: చలి. నల్ల ట్రఫుల్ వేసవి మొదట్లో వేరు దగ్గర చిన్నగా పుడుతుంది, వేసవిలో అప్పుడప్పుడూ పడే జల్లులతో పెరుగుతుంది, చలికాలంలో పక్వానికి వచ్చి వాసన పడుతుంది. యూరప్‌లో తవ్వకం నవంబర్ చివరినుంచి మార్చి దాకా. దర్శిలో మేలో ఎండ నలభై దాటి, రేగడి నెర్రెలిచ్చి, ఆ నెర్రెలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అప్పుడు ఆ పిందె బతకాలి. బతికినా, డిసెంబర్‌లో మనకు దుప్పటి కప్పుకునే చలే గానీ నేల చల్లబడే చలి కాదు.

రెండోది, దీన్ని ఎవరూ చెప్పరు, జామాయిల్. ఆస్ట్రేలియాలో మంజిమప్ అనే చోట నేల సున్నపు నేల కాదు, ఎకరాలకొద్దీ టన్నుల సున్నం తోలి పీహెచ్ పెంచుకుని పండిస్తున్నారు. పీహెచ్ కొనుక్కోవచ్చు. కానీ అంతకుముందు జామాయిల్ లాంటి, వేళ్లకు బూజు పొత్తు ఉండే చెట్లున్న నేలంటే ట్రఫుల్ వేసేవాళ్లు భయపడతారు. పాత వేళ్లలో ఉన్న బూజులు కొత్త మొక్క వేళ్లను ముందే ఆక్రమించేస్తాయి. బాబాయ్ నాలుగెకరాల మోళ్ల కింద స్క్లెరోడెర్మా కాపురం ఉంటోందని సాక్ష్యం చాటలోనే ఉంది. తన పొలంలో ట్రఫుల్ పండుతుందనడానికి ఆయన రుజువుగా తెచ్చిన గడ్డలే, పండదనడానికి అన్నిటికన్నా పెద్ద రుజువు.

ఎడారి రకం వేద్దామా అని ఆయన అక్కడితో వదల్లేదు. స్పెయిన్‌లోని ముర్సియాలో 1999లో హీలియాంథమమ్ మొక్కలతో ఎడారి ట్రఫుల్ తోట వేశారు, కాపు కూడా వచ్చింది. కానీ బూజు పట్టించిన ఆ మొక్క ఇక్కడ కొనడానికి దొరకదు. మన ఈశాన్య రుతుపవనం వాళ్ల శరత్కాలపు చినుకు కాదు, ఒక్క వాయుగుండానికి పొలం చెరువైపోతుంది. ఇంకెవరైనా ప్రయోగంగా చేసి చూస్తానంటే వద్దనను. అప్పు తెచ్చి చేస్తానంటే మాత్రం వద్దనే అంటాను.

ఒక పక్కమాట. ఈయన మేనల్లుడు హైదరాబాద్‌లో హోటల్లో ట్రఫుల్ ఫ్రైస్ తిన్నాడట, ఆ వాసనకే ఈ ఇంట్లో ఇదంతా మొదలైంది. అలాంటి వంటల్లో వాడే ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి వాసన వచ్చేది ల్యాబులో చేసిన 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనంతో. అసలు ట్రఫుల్‌ను మట్టిలో వెతికే కుక్కలు దాని వాసనలో పట్టేది ముఖ్యంగా డైమిథైల్ సల్ఫైడ్‌ను. మొక్కలు అమ్మినవాళ్లు ఐదో ఏట కుక్కకు ట్రైనింగ్ కూడా ఇస్తామన్నారట. ఒకప్పుడు పందుల్ని వాడేవాళ్లు, అవి నేల కుళ్లబొడిచి దొరికింది నమిలేస్తున్నాయని ఇటలీ 1985లో పందుల్ని వాడటం నిషేధించింది. బాబాయ్ కుక్క పేరు రాజు. ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ మేము తవ్విన గోతిలో పడుకుని ఉంది.

జేసీబీ ఆపించాం. 22,500 తిరిగి రాలేదు. ఇక్కడితో కేసు ముగిస్తే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

"పీహెచ్ 8.2 పనికొచ్చే పుట్టగొడుగు ఏదీ లేదా సార్?" అని వచ్చేటప్పుడు ఆయన అడిగాడు. ఎకసెక్కంగానే అడిగాడు. నాకు మాత్రం కారు ఎక్కాక తట్టింది: ఉంది.

పాల పుట్టగొడుగు, అందరూ మిల్కీ అంటారు. కాలోసైబ్ ఇండికా. మన దేశానిదే, 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఏపీకే-2 అనే రకం విడుదల చేశాక దక్షిణాదిలో వ్యాపించింది. ముప్ఫై నుంచి ముప్ఫైఐదు డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది, ఏసీ అక్కర్లేదు. వరిగడ్డి మీద బూజు పాకాక దాని మీద రెండు సెంటీమీటర్ల మందాన మట్టి కప్పాలి. దాన్నే కేసింగ్ అంటాం. మట్టి కప్పకపోతే గొడుగు రాదు. ఆ మట్టి పీహెచ్ 8 చుట్టూ ఉండాలి, అందుకని అందరూ సుద్దపొడి కొని కలుపుతారు. ఈయన పొలంలో సుద్ద కలిపిన మట్టి ఊరికే పడి ఉంది. వరిగడ్డీ ఆయనదే. గుంజలకు జామాయిల్ కర్రలూ ఆయనవే.

సెప్టెంబర్‌లో షెడ్డు వేశాం. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, మూడడుగులు నేలలోకి దింపి, పైన నీలం పట్ట. డ్రమ్ములు, స్ప్రేయరు, కవర్లు అన్నీ కలిపి నలభై వేల లోపు.

మొదటి విడత అరవై బెడ్లు, అంటే ఉడికిన గడ్డీ స్పానూ నింపిన కవర్లు. ఇరవైమూడు పోయాయి. పన్నెండో రోజున కవర్లలో ఆకుపచ్చ బూజు, ట్రైకోడెర్మా. అక్టోబర్‌లో ఆయన దగ్గరున్నది పోయినేటి వామి. అడుగు గడ్డి వానకు నాని, ఎండి, మళ్లీ నానింది. మిషన్ కోత గడ్డి కావడంతో నలిగి తుక్కుగా ఉంది. గడ్డి రంగు బంగారంలా ఉండాలి, పిడికిట్లో నలిపితే చటుక్కున విరగకూడదు. దానికి తోడు డ్రమ్ములోంచి ఉడికిన గడ్డి తీసి ఆరుబయట పట్ట మీద ఆరబెట్టారు. కోళ్లు తిరిగే చోట. పిడికిలితో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ చుక్క రాలకూడదు, ఆ హదను దాకా ఆరితే చాలని నేను చెప్పాను. ఎక్కడ ఆరబెట్టాలో చెప్పలేదు. కార్తీకంలో కోడి మానేసిన ఇళ్లకు అమ్ముదామనుకున్నాం, ఆ బేరం పోయింది.

మిగిలిన ముప్ఫైఏడు బెడ్లకు కేసింగ్ వేశాం. ఇక్కడ తప్పు నాది. పీహెచ్ చూసుకున్నాను, 8.2 బ్రహ్మాండం అనుకున్నాను, పొలం మట్టి జల్లించి గంటసేపు ఆవిరి పట్టి నేరుగా కప్పించాను. నాలుగో రోజుకు రేగడి రేగడిలాగే ప్రవర్తించింది. పైన పెచ్చు కట్టి బీటలు వారింది. నీళ్లు చల్లితే బంక, ఆరితే ఇటుక. మొగ్గలు బీటల్లోంచి మాత్రమే తన్నుకుని వచ్చాయి, గుత్తులు గుత్తులుగా, సన్నకాడలతో. బీట లేని చోట ఒక్కటీ లేదు. బాబాయ్ బెడ్డు మీద వంగి చూస్తూ, "సార్, మీరు గూడా అంకె చూసే వేసినారే" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను ఆ రాత్రి ఒంగోలు వచ్చేదాకా అదే ఆలోచించాను. ఆయనకు సిల్వర్ ఓక్ అమ్మినవాడూ, నేనూ ఒకే కాగితంలో ఒకే గడి చదివాం.

కేసింగ్ మట్టికి పీహెచ్ ఒక షరతు మాత్రమే. నీళ్లు పట్టి ఉంచాలి, అదే సమయంలో గాలి ఆడాలి. రెండో విడతకు పొలం మట్టికి సమానంగా వాగు ఇసుక కలిపాం. ఇసుకను మూడు నీళ్లలో కడిగించాను. కలిపాక పీహెచ్ మళ్లీ చూస్తే 8.0. ఆవిరి పట్టి, చల్లారాక చేత్తో నొక్కకుండా జల్లెడతో రాల్చాం, పిండివంట మీద చక్కెర చల్లినట్టు. ఈ పని పిన్ని చేతికి వచ్చినంత బాగా మా ఇద్దరికీ రాలేదు. పదకొండో రోజున తెల్ల మొగ్గలు బెడ్డంతా సమంగా లేచాయి. ఇంకో వారానికి కోత.

డిసెంబర్, జనవరిలో రాత్రి చలికి పెరుగుదల మందగించింది. ఎనభై బెడ్లకు 31 కిలోలే వచ్చాయి. ట్రఫుల్‌కు చాలని చలి మిల్కీకి ఎక్కువైంది. ఆ రెండు నెలలు షెడ్డుకు సెలవిచ్చి, ముత్యపుచిప్ప (ఆయిస్టర్) రకం పుట్టగొడుగు వేసుకుంటే మేలని ఇప్పుడనిపిస్తోంది. ఫిబ్రవరి చివర్లో కొత్త వరిగడ్డితో వేసిన మూడో విడత ఎనభై బెడ్లకు 58 కిలోలు. బెడ్డుకు ఎండుగడ్డి కిలో లెక్కన చూస్తే ఇది గొప్ప దిగుబడేం కాదు, మంచి షెడ్లలో కిలోకు కిలో దాకా తీస్తారు. దర్శి, పొదిలి కూరగాయల కొట్లకు కిలో 180కి ఇచ్చారు, ఊళ్లో పావుకిలో యాభైకి పిన్నే అమ్మింది. మిల్కీకి ఉన్న సుగుణం, కోశాక మూడు రోజులైనా నల్లబడదు. బస్సులో వేసి పంపొచ్చు.

ఖర్చులు పోను షెడ్డు పెట్టుబడి ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. మరో రెండు విడతలు పడుతుంది. మేలో నీటి ఎద్దడికి ఒక విడత ఆపేశారు, గోనెపట్టాలు రోజుకు నాలుగుసార్లు తడపడానికి మనిషి దొరకలేదు. జామాయిల్ మోళ్లు అలాగే ఉన్నాయి, మూడో కోతకు వదిలేశాడు. సిల్వర్ ఓక్ మొక్కల్లో వేళ్లు కడిగి చూసింది పోగా మిగిలినవాటిని షెడ్డుకు పడమటి వైపు, గట్ల మీద పాతాడు. పద్నాలుగు బతికాయి. ఎదిగితే సాయంత్రపు ఎండ షెడ్డు మీద పడకుండా ఆపుతాయి.

ఈ జులైలో, మళ్లీ మొదటి వానలకు, పొద్దున్నే ఆరింటికి ఇంకో ఫోటో. ఈసారి గడ్డ రెండు ముక్కలుగా కోసి, పక్కన వక్క ముక్క పెట్టి తీశాడు. కింద వాయిస్ మెసేజ్: "సార్, ఇది పొడే. ఊరికే పంపించా. స్పాన్ శనివారానికి అరవై ప్యాకెట్లు కావాల."